బీదబిడ్డల యుపాధ్యాయుడు పెస్టలోజీ

చదువు వేఱు, పని వేఱు అని లోకము తలచుచుండును. బడికి పోయిన బాలుడు పొలమునకు దూరమగును; పొలమునకు పోయిన బాలుడు పుస్తకమునకు దూరమగును. ఈ రెంటిని ఒక్క చోట కూర్పవచ్చునని నమ్మి, ఆ నమ్మకమునకై తన యాస్తిని, భార్య తెచ్చిన ధనమును, 81 ఏండ్ల జీవితమును వ్యయపఱచిన మహాశయుడు యోహాన్ హైన్రిచ్ పెస్టలోజీ. ఆయన నెలకొల్పిన పాఠశాలలు ఒకదాని వెంట నొకటి మూతపడెను. ఆయన జమాఖర్చులు చూచినచో ప్రతి పుటయందును నష్టమే కానవచ్చును. అయినను ఉపాధ్యాయులకు శిక్షణ యిచ్చు విద్యాలయములలో ఆయన పేరు నేటికిని వినబడుచున్నది. లెక్కలో నష్టపడినవాడు లోకమునకు లాభమెట్లు చేకూర్చెనో ఆయన చరిత్రయే తెలుపును.

బాల్యము

స్విట్జర్లాండు దేశమందలి జ్యూరిచ్ నగరమున 1746 జనవరి 12 వ తేదీన పెస్టలోజీ జన్మించెను. తండ్రి శస్త్రవైద్యుడు. బాలునకు ఐదేండ్ల ప్రాయమున, 1751లో, ఆయన గతించెను. ఇంటిలో బాబెలి యను పరిచారిక యుండెను. మరణశయ్యపై నున్న యజమాని తన సంసారమును విడిచిపోవలదని కోరగా ఆమె మాట యిచ్చెను. ఇచ్చిన మాటను కడవఱకు నిలుపుకొనెను. సంతలో వర్తకులు బుట్టలు సర్దుకొను వేళకు పోయి, మిగిలిన కూరగాయలను చౌకగా బేరమాడి తెచ్చెడిది. బట్టలును చెప్పులును పాడగునని పిల్లలను వీధిలోనికి పోనిచ్చెడిది కాదు.

ఇట్లు ఇద్దఱు స్త్రీల చాటున పెరిగిన బాలునకు ప్రేమ కొఱవడలేదు కాని లోకవ్యవహారము అలవడలేదు. తోడి బాలురు వెఱ్ఱివాడను నర్థము వచ్చునట్లు మాఱుపేరు పెట్టి పిలుచుచుండిరి. చేతిలోని పైకమును కాపాడుకొనుట, మనుష్యుల నెఱిగి మెలగుట అను విద్యలు ఆయనకు ఏనాడును పట్టువడలేదు. ఇల్లే మొదటి బడి, తల్లియే మొదటి గురువు అను విశ్వాసము మాత్రము ఆ యింటనే ఆయన హృదయమున నాటుకొనెను.

తాతగారు జ్యూరిచ్ చేరువనున్న హోంగ్ గ్రామమున క్రైస్తవ మతగురువు. మనుమడు సెలవులలో అచ్చటికి పోయి, ఆయన వెంట బీదల యిండ్లకు తిరిగెడివాడు. నగరవాసులకు గల హక్కులు పల్లెవారికి లేని దినములవి. ఇంటింట ప్రత్తి నూలు వడికి బ్రదుకు కుటుంబములు ఆ ప్రాంతమున పెక్కు. పేదఱికమెట్టిదో పెస్టలోజీ ఆ గుమ్మముల కడ కన్నులార చూచెను.

వ్యవసాయ ప్రయత్నము

జ్యూరిచ్ విద్యాలయమున బోడ్మర్ అను పండితుని శిష్యరికములో ఆయన చదివెను. 1762లో వెలువడిన రూసో మహాశయుని ‘ఎమిలీ’ గ్రంథము అప్పటి యువకులను కదలించివైచెను. పెస్టలోజీ మొదట మతబోధకుడు కాదలచెను; పిదప న్యాయశాస్త్రము చదువబూనెను; తుదకు రెంటిని విడిచి, నాగలి పట్టి పల్లెవారి నడుమ జీవింప నిశ్చయించెను.

పొలముపని పుస్తకములో దొరకదని యెఱిగి, బెర్న్ ప్రాంతమున పేరుపడిన చిఫెలి యను వ్యవసాయదారుని యొద్దకు 1767లో పోయి, ఆ క్షేత్రమందే యుండి కొన్ని నెలలు పని నేర్చెను. ఎఱ్ఱ రంగునిచ్చు మంజిష్ఠ జాతి మొక్కల సాగు అచ్చటి ప్రత్యేకత. ఆ గురువు చేతిలో మట్టి బంగారమగుట శిష్యుడు చూచెను. కాని నేర్పరి ప్రక్కన నిలిచి చూచుట యొకటి, ఒంటరిగా భారము మోయుట మఱియొకటి. ఆ కొలది నెలల శిష్యరికము చాలదని తరువాతి కాలము తెలిపెను.

1769 సెప్టెంబరు 30 వ తేదీన అన్నా షుల్టెస్ అను కన్యను ఆయన వివాహమాడెను. ఆమె కలవారి బిడ్డ. వయస్సున ఆయనకంటె ఎనిమిదేండ్లు పెద్ద. పెండ్లికి ముందు పెస్టలోజీ ఆమెకు వ్రాసిన లేఖలో తన లోపముల నన్నిటిని వరుసగా పేర్కొనెను. బిర్ గ్రామము చెంత బీడునేల కొని, ఇల్లు కట్టి, దానికి న్యూహాఫ్, అనగా క్రొత్తకమతము, అని పేరిడిరి. నేల సారము లేనిది. పెట్టుబడి పెట్టిన జ్యూరిచ్ వర్తకులు పొలమును చూచి తమ పైకమును వెనుకకు తీసికొనిరి. 1770లో పుట్టిన యేకైక పుత్రునకు రూసో పేరే పెట్టుకొనిరి. సేద్యము మాత్రము సాగలేదు.

న్యూహాఫ్ బడి

మఱొకడైనచో ఆ యప్పులలో తన సంసారమును మాత్రమే చూచుకొనెడివాడు. పెస్టలోజీ అట్లు చేయలేదు. బిచ్చమెత్తుచు తిరుగు పిల్లలను 1774లో ఇంటికి చేర్చుకొనుట మొదలిడెను. అప్పుడు స్విట్జర్లాండు పల్లెలలో అనాథ బాలురను రైతులకు అప్పగించి పని చేయించుకొను ఆచారముండెను. ఆ బిడ్డలకు కూడు దొరికెడిది. చదువు గాని ఆదరము గాని దొరకెడివి కావు.

న్యూహాఫ్‌లో బాలురు వేసవిలో పొలముపని, చలికాలమున నూలు వడకుట, నేత నేర్చుచుండిరి. బాలికలు తోటపని, వంట, కుట్టుపని నేర్చుచుండిరి. చేతులు రాట్నముపై నాడుచుండగా నోటితో పాఠములు వల్లించుట, లెక్కలు చెప్పుట సాగెడిది. ఆయన వేసికొనిన లెక్క యిది: పసివాడు తొలి యేండ్లలో సంపాదించునది వాని కూటికి చాలదు, కాని పని నేర్చిన పిమ్మట మఱి కొన్నియేండ్లు బడిలో నిలిచినచో, వెనుకటి ఖర్చు వాని కష్టముతోనే తీఱును, వాడు పొట్టపోసికొను విద్యతోను అక్షరజ్ఞానముతోను వెలికి పోవును.

1778లో ఆయన ఈ బడిని గూర్చి ఒక నివేదికను ప్రకటించెను. అందు 37 మంది పిల్లలను గూర్చి విడివిడిగా వ్రాసెను. బిడ్డ పేరేమి, వయస్సెంత, చేరిన నాటికి ఏ స్థితిలో నుండెను, ఆరోగ్యమెట్లున్నది, ఏ పనియందు చేయి తిరుగుచున్నది, చదువున ఎంత వఱకు వచ్చెను, స్వభావమెట్టిది, ఇవి యన్నియు అందు గలవు. కొందఱికి నూలు వడకుట వచ్చును, అక్షరము రాదు. కొందఱు లెక్కలలో చుఱుకు, పనిలో మందము. పిల్లలను మందగా గాక ఒక్కొక్కరినిగా చూచుట ఆయన పద్ధతికి మూలము. ఒక బిడ్డకు తగిన పాఠము మఱొక బిడ్డకు తగక పోవచ్చునని ఆ జాబితా చదివిన వారికి స్పష్టపడును.

అయినను బడి నిలువలేదు. ఆదివారములందు తలిదండ్రులు వచ్చి, పిల్లల కష్టమును దోచుకొనుచున్నాడని ఆయనను నిందించిరి. క్రొత్త బట్టలు తొడిగి, పని కొంచెము నేర్పగానే, సంపాదన మొదలగు సమయమునకు పిల్లలను తీసికొని పోవుచుండిరి. నాటిన చెట్టు కాపునకు వచ్చునప్పటికి ఎత్తుకొనిపోయిన చందమయ్యెను. ఆయన తొందరపాటును కొంత కారణమే. ముతక నూలు సరిగా రాని చేతులతో సన్ననూలు తీయింపబోయితినని ఆయన పిమ్మట ఒప్పుకొనెను. అన్నాదేవి ధనము కరగిపోయెను. 1780లో బడి మూతపడెను.

ఇందు పెద్ద చిక్కొకటి గలదు. బిడ్డ పనివలననే బడి నడువవలె నన్నచో, పనిది పై చేయి యగును. బడి కార్ఖానా యగును. పని కేవలము పాఠమునకే యన్నచో, బియ్యపు ఖర్చు ఎవ్వరు భరింతురు? పెస్టలోజీ ఈ చిక్కును అప్పుడు విప్పలేకపోయెను. కాని దానిని మఱవనులేదు.

లెక్కల పుస్తకములో పుట్టిన కథ

పిమ్మట 18 ఏండ్లు ఆయనకు బడి లేదు. ఇంట పొయ్యి వెలుగుటయే కష్టమైన కాలమున ఎలిజబెత్ నేఫ్ అను సేవకురాలు తనంత తాను వచ్చి, పాడుపడిన తోటను బాగుచేసి, ఇంటిని చక్కబెట్టెను. బాసెల్ నగరవాసియగు ఇసాక్ ఈజెలిన్ అను మిత్రుడు వ్రాయుమని ప్రోత్సహించెను. కాగితములకు పైకము లేక, పాత జమాఖర్చుల పుస్తకములోని ఖాళీ జాగాలలో పెస్టలోజీ ఒక కథ వ్రాసెను. అదియే 1781లో వెలువడిన ‘లీన్‌హార్డ్, గెర్‌ట్రూడ్’ అను నవల.

త్రాగుడుకు లోబడిన భర్తను, దిగజాఱిన గ్రామమును ఒక యిల్లాలు తన యోర్పుతోను వివేకముతోను బాగుచేయుట అందలి యితివృత్తము. గెర్‌ట్రూడ్ తన పిల్లలకు రాట్నము కడనే చదువు చెప్పును. గదిలో వేయు నడుగులతో, కిటికీ అద్దములతో లెక్కించుట నేర్పును. ఎలిజబెత్ గుణములే ఈ పాత్రలో రూపు దాల్చినవని ప్రసిద్ధి. పుస్తకమునకు పేరు వచ్చెను. చదివినవారు కథకు కన్నీరు విడిచిరి. అందలి బోధను ఆచరణలో పెట్టినవారు మాత్రము అరుదు. 1792లో ఫ్రాన్సు దేశపు శాసనసభ వాషింగ్టన్ మొదలగు వారితో పాటు ఆయనకును గౌరవ పౌరసత్వ మొసగెను. కీర్తి వచ్చెను, ఆయన కోరిన బడి రాలేదు.

స్టాన్స్

1798 సెప్టెంబరులో ఫ్రెంచి సైన్యము స్టాన్స్ పట్టణముపై బడి, ఇండ్లు తగులబెట్టి, వందలకొలది జనులను చంపెను. దిక్కులేని పిల్లలను చేరదీయుమని క్రొత్త ప్రభుత్వము పెస్టలోజీని పంపెను. 53వ యేట 1799 జనవరి 14 వ తేదీన, ఒక కన్యకామఠపు భవనమున, ఒక్క గృహసేవకురాలి సాయముతో ఆయన అనాథ శరణాలయమును తెఱచెను. పిల్లలు ఇంచుమించు 80 మంది. గజ్జితో, పేలతో, భయముతో వచ్చిన బిడ్డలు. ఆయన మతము వేఱు, వారి మతము వేఱు. తమను తగులబెట్టిన ప్రభుత్వము పంపినవాడని ఊరివారికి ఆయనపై నమ్మకము లేదు. ఆయన పిల్లలతోనే తిని, పిల్లల నడుమనే నిదురించెను. వారు నిదురించు వఱకు పాఠములు చెప్పెను.

సహాయోపాధ్యాయులు లేనందున, తెలిసిన బిడ్డను తెలియని బిడ్డల నడుమ గూర్చుండబెట్టగా పిల్లలే పిల్లలకు గురువులైరి. ఆ వసంతమున ఆల్ట్‌డార్ఫ్ పట్టణము కాలిపోయినప్పుడు, అచ్చటి అనాథలలో 20 మందిని చేర్చుకొందమా యని ఆయన తన పిల్లలనే యడిగెను. వారు వచ్చినచో తిండి తగ్గును, పని పెరుగును, బట్టలు పంచుకొనవలసి వచ్చును అని దాపఱికము లేక చెప్పెను. పిల్లలు రమ్మనిరి. ధర్మశాస్త్రమును వల్లించుట కంటె ధర్మము నొక్కసారి యాచరించుట గొప్ప పాఠమని ఆయన భావము.

ఇచ్చటనే ఆయన యాలోచనలో మార్పు వచ్చెను. పనిని రాబడికై గాక, చేతికిని మనస్సునకును అభ్యాసముగా చూడసాగెను. న్యూహాఫ్ చిక్కునకు ఇదియే ఆయన కనుగొన్న దారి: ముందు బిడ్డయొక్క శక్తి పెరుగవలెను, సంపాదన దాని వెంట వచ్చును. ఐదు నెలలు నిండకుండనే, జూన్ 8 వ తేదీన, సైనికుల వైద్యశాలకై ఆ భవనమును తీసికొనిరి. పెస్టలోజీ రక్తము కక్కునంత జబ్బుతో స్టాన్స్ విడిచెను.

బర్గ్‌డార్ఫ్, ఇవెర్డన్

ఆరోగ్యము కొంత కుదురగనే బర్గ్‌డార్ఫ్ పట్టణమున, చెప్పులు కుట్టుకొనుచు బడి నడుపు నొకని యొద్ద సహాయకుడుగా చేరెను. పుస్తకము లేక ప్రశ్నోత్తరములు వల్లింపజేయక చెప్పు నీ చదువేమి చదువని తలిదండ్రులు సణిగి ఆయనను పంపివేసిరి. అంతట పసిపిల్లల బడిలో చేరెను. 1800 మార్చిలో పరీక్షాధికారులు వచ్చి చూచి, చిన్నపిల్లలు ఇంత నేర్చిరా యని మెచ్చుకొనిరి. అక్కడి పాతకోటలో ఆయన విద్యాలయము వెలసెను. 1801లో ‘గెర్‌ట్రూడ్ తన బిడ్డలకు ఎట్లు బోధించును’ అను గ్రంథము వెలువడెను. ఆ యేడే ఏకైక పుత్రుడు దీర్ఘవ్యాధితో మరణించెను.

ఆయన పద్ధతి సారాంశమిది. మాటకు ముందు వస్తువు. సూత్రమునకు ముందు అనుభవము. దూరమునకు ముందు చేరువ. బిడ్డ తన కంటితో చూచి, చేతితో తాకి, లెక్కించి, గీసి, పిదప పేరు చెప్పవలెను. తల, హృదయము, చేయి మూడును సమముగా పెరుగవలెను. ఒక మెట్టుపై నిలదొక్కుకొనిన పిమ్మటనే రెండవ మెట్టు.

1805 నుండి ఇవెర్డన్ కోటలో ఆయన విద్యాలయము సాగెను. మంచి దినములలో విద్యార్థులు ఇంచుమించు 150 మంది. అచ్చట పటముతో భూగోళము మొదలుకాలేదు. బాలురను బ్యూరాన్ అను వాగు పారు లోయకు తీసికొనిపోయి చూపి, అచ్చటి బంకమట్టిని తెచ్చుకొని, ఆ లోయ ఆకారమును బల్లపై తామే చేయునట్లు చేసిరి. పటము ఆ పిమ్మట చేతికి వచ్చెను. తోటపని, వడ్రంగము వంటి చేతిపనులు పాఠములలో భాగములు. బాలునకు బాలునకు పోటీ పెట్టి బహుమతులిచ్చుట లేదు. ఎవని ముందడుగు వాని వెనుకటి యడుగుతోనే సరిచూడబడెడిది.

ఉపాధ్యాయులును ఇట్లే తయారైరి. రామ్‌సావర్ అను బాలుడు పదియేండ్ల ప్రాయమున బీదవాడై బర్గ్‌డార్ఫ్ చేరెను. మొదట ఇంటిపనులు చేయుచు చదివెను. పిదప చిన్నవారికి చెప్పెను. తుదకు ఇవెర్డన్ ఉపాధ్యాయులలో నొకడై, తరువాత ఓల్డెన్‌బర్గ్ రాజకుటుంబపు బిడ్డలకు గురువయ్యెను. ప్రష్యా ప్రభుత్వము 1808 నుండి యువకులను పంపి ఇవెర్డన్‌లో పని నేర్పించెను. కిండర్‌గార్టెన్ అను శిశువిద్యాలయమును పిమ్మట సృష్టించిన ఫ్రోబెల్ 1808 మొదలు 1810 వఱకు అచ్చటనే యుండి చూచి నేర్చెను.

1814లో ఆ కోటను ఆస్ట్రియా సైనికుల వైద్యశాలగా మార్చనుండగా, ఊరి ప్రతినిధులతో పోయి రష్యా చక్రవర్తి అలెగ్జాండరును ఆయన దర్శించెను. కోట దక్కెను. అంతటితో మరలక, రష్యాలోని కట్టుబానిసలకు విముక్తియు విద్యయు నొసగుమని చక్రవర్తిని గోడ వఱకు వెనుకకు నడిపించునంత యావేశముతో ఆయన అర్థించెను.

అస్తమయము

బయట కీర్తి పెరుగుచుండగా లోపల కలహములు ముదిరెను. నీడెరెర్, ష్మిడ్ అను నిద్దఱు ముఖ్యోపాధ్యాయులు ఒకరినొకరు సహింపలేకపోయిరి. అందఱిని నమ్ము పెస్టలోజీ ఎవ్వరిని అదుపులో నుంచలేకపోయెను. 1815 డిసెంబరులో అన్నాదేవి గతించెను. నలువది యాఱేండ్లు లేమిని పంచుకొనిన యిల్లాలామె.

వీని యన్నిటి కంటె ఆయనను తొలిచిన బాధ వేఱొకటి. కోటలోని విద్యార్థులలో పెక్కుమంది కలవారి బిడ్డలు. ఎవరికొఱకు ఆయన బయలుదేరెనో ఆ బీదబిడ్డలు వెలుపలనే మిగిలిరి. 1818లో, 72వ యేట, తన గ్రంథముల ముద్రణమువలన రాగల సొమ్మును నమ్ముకొని, ఇవెర్డన్ చెంత క్లిండీలో బీదపిల్లలకు బడి తెఱచెను. కొలది నెలలలోనే దానిని కోటలోని విద్యాలయమున కలుపవలసి వచ్చెను. 1825లో ఇవెర్డన్ విద్యాలయమును మూసి, ఆయన న్యూహాఫ్ చేరెను. అచ్చట ఆ వయస్సున బీదపిల్లలకై మరల ఒక యిల్లు కట్టింప మొదలుపెట్టెను. 1827 ఫిబ్రవరి 17 వ తేదీన బ్రుగ్ పట్టణమున కన్ను మూసెను. బిర్ గ్రామపు బడి ప్రక్కనే ఆయనను సమాధి చేసిరి. శతజయంతి సందర్భమున 1846లో అచ్చట స్మారకమును నిర్మించిరి. న్యూహాఫ్‌లో 1914లో, దారి తప్పిన యువకులకు చదువుతో పాటు వృత్తి నేర్పు సంస్థ ఆయన పేర వెలసెను. 1780లో ఆరిపోయిన దీపము 134 ఏండ్లకు ఆ నేలపైననే మరల వెలిగెను.

మన దేశమున గాంధీమహాత్ముడు తన త్రోవన తాను నడచి, 1937లో వార్ధా సభయందు చేతిపని మూలముగా విద్య నేర్పుటను ప్రతిపాదించెను. అప్పుడును న్యూహాఫ్ ప్రశ్నయే లేచెను: బాలుని నూలుతో బడి ఖర్చు గడచునా, గడపవలెనని పట్టుపట్టినచో బాలుని చదువేమగును? గడవవలసినది బడి యొక్క పద్దు మాత్రమే కాదు, బిడ్డ యొక్క జీవితమని పెస్టలోజీ తన నష్టములతో చెప్పెను. కమ్మరి కొలిమి కడ, సాలెవాని మగ్గము కడ, నాగలిచాలులో మన పిల్లలు ప్రతిదినము ఏదో యొకటి నేర్చుచునే యున్నారు. ఆ నేర్చిన దానికి అక్షరము తోడగునట్లు, అక్షరము నేర్చినవానికి ఆ పనులయెడ చులకన కలుగనట్లు చూచుట పెద్దల వంతు. బడి యొక యేట చదివించి పంపివేయును. గ్రంథాలయమునకు వయఃపరిమితి లేదు. పగలు పని చేసిన చేయి సాయంకాలము పుస్తకము పట్టగలిగిన ప్రతి గ్రామమందును పెస్టలోజీ కోరిన బడి కొంత నిలిచియున్నట్లే.